అమెరికాలో పి.ఏ. చదువు: డిగ్రీలోనే సిద్ధపడాలి



అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు ఫిజీషియన్ అసిస్టెంట్, అనగా పి.ఏ. చదువుతామంటున్నారు. ఇక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు "అది కాంపౌండరు చదువా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. కాదండీ. డాక్టరుగారితో కలిసి పనిచేస్తూ రోగిని పరీక్షించడం, జబ్బును గుర్తించడం, మందులు రాయడం, ఆపరేషన్లలో సహాయపడడం వీరి పని. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ గారు నేవీలో వైద్యసేవ చేసి వచ్చినవారితో ఈ కోర్సు ప్రారంభించారు. రోగుల మధ్య పనిచేసినవారికే పెద్దపీట వేసే పద్ధతి నేటికీ పోలేదు.

ఇది నాలుగేళ్ల డిగ్రీ తర్వాత చేరే మాస్టర్స్ కోర్సు, సుమారు 27 నెలలు. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు గాని కెమిస్ట్రీ, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి చదివి ఉండాలి. జి.పి.ఏ. కనీసం 3.0 అని చాలా కాలేజీలు రాస్తాయి. సీటు వచ్చేవారికి సాధారణంగా 3.5 దాటే ఉంటుంది.

మన ఇళ్లలో ధ్యాసంతా మార్కులమీదే. కాని చాలా కాలేజీలు రోగులకు స్వయంగా సేవచేసిన గంటలు 500, 1000, ఇంకా ఎక్కువ కూడా అడుగుతాయి. నర్సింగ్ అసిస్టెంటుగా, అంబులెన్సులో ఈ.ఎం.టి.గా, లేదా రక్తం తీసే పనిలో ఆ గంటలు సంపాదించాలి. వారానికి 10 గంటల చొప్పున 1000 గంటలకు దాదాపు రెండేళ్లు! ఆఖరి సంవత్సరంలో మొదలుపెడితే ఎలా సరిపోతుంది? మొదటి వేసవి సెలవుల్లోనే సర్టిఫికెట్ కోర్సు చేయడం మేలు. "చదువుకునే పిల్ల బెడ్‌పాన్లు ఎత్తడమేమిటి" అని పెద్దలు నొచ్చుకోవద్దు.

కాస్పా అనే ఒకే దరఖాస్తు ద్వారా అనేక కాలేజీలకు అప్లై చేయవచ్చు. చాలాచోట్ల వచ్చినవి వచ్చినట్టే చూస్తారు గనుక ఆలస్యం చేయరాదు.

ఇంకొక సంగతి. మన దేశంలోనూ ఈ చదువు 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైంది. మంచి చదువే. అయితే ఆ పట్టాతో అమెరికాలో పి.ఏ.గా పనిచేయడానికి వీలులేదు. అక్కడ ఏ.ఆర్.సి.-పి.ఏ. గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేసినవారినే లైసెన్సుకు అవసరమైన పాన్స్ పరీక్షకు కూర్చోనిస్తారు. "ఇక్కడ చదివితే అక్కడ ఉద్యోగం" అని ఏ ఏజెంటైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. ఇక్కడ బి.ఎస్సీ. చేసి వెళ్లేవారు తమ సబ్జెక్టులను అంగీకరిస్తారో లేదో ఆ కాలేజీకే రాసి, జవాబు చేతికొచ్చాకే ఫీజు కట్టండి.