పది రోజుల మాత్రలు, పాతిక లక్షల కార్డు

మా వీధి చివరి మెడికల్ షాపులో నెలకోసారి బీపీ మాత్రలు కొనుక్కుంటాను. మొన్న నాకంటే ముందు వచ్చినావిడ డాక్టరు చీటీ అందించి, "పది రోజులకే ఇవ్వు నాయనా, మిగతావి కూలి డబ్బులొచ్చాక తీసుకుంటా" అంది. బీపీకి ఒక రకం, షుగరుకు రెండు రకాలు. షాపు కుర్రాడు కత్తెరతో షీటు కత్తిరించి లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బుల కోసం ఆమె చేతిసంచి వెతుక్కుంటుంటే ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా పెట్టుకున్న ఆరోగ్యశ్రీ కార్డు కనిపించింది.

"పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు కదమ్మా" అన్నాను.

"ఉన్నప్పుడు ఇస్తారు బాబూ. రెండుసార్లు పోయొచ్చా, స్టాకు లేదన్నారు. రెండు రోజుల కూలి పోయింది."

ఆ కార్డు విలువ తెలిసినవాణ్ణి కాబట్టే ఈ సంగతి రాస్తున్నాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు బిడ్డ గుండెకు చిల్లు పడిందంటే ముఖ్యమంత్రి సహాయనిధి కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి, లేదా ఉన్న అరెకరం అమ్మాలి. తెల్ల కార్డు కుటుంబం కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కి, ఆపరేషన్ చేయించుకుని, అప్పు లేకుండా ఇంటికి రావడం అప్పటిదాకా మన ఊళ్లు ఎరగవు. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చినా జనం నోట అది ఆరోగ్యశ్రీగానే నిలిచిపోయింది. కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయలతో మొదలైన పరిమితి 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు చేరింది.

అయినా ఆమె మాత్రలు పది రోజులకే కొనుక్కుంది. ఎందుకంటే ఈ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం. ఇంట్లో ఉండి రోజూ మందు వేసుకునే మనిషి దాని లెక్కలోకి రాదు. నెలలో ఇరవై రోజులు మాత్ర మానేస్తే బీపీ చడీచప్పుడు లేకుండా రక్తనాళాలను తినేస్తుంది. షుగరు తోడైతే మూత్రపిండాలూ పోతాయి. ఏదో ఒక రోజు పక్షవాతం వచ్చి పడిపోతే అప్పుడు కార్డు పనిచేస్తుంది. కొద్దిపాటి మాత్రలతో ఆపగలిగిన జబ్బుకు లక్షలు ఖర్చవుతాయి, పడిపోయిన చెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అందరికీ ఆరోగ్య సేవలు అందుతున్నాయా లేదా చూడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదికలో మూడు ప్రశ్నలు ముందు పెట్టింది. ఎంతమందికి అందుతోంది? ఏయే వైద్యాలు అందుతున్నాయి? ఖర్చులో ఎంత వంతు జనం నెత్తిన పడుతోంది? మన రాష్ట్రాలు మొదటి ప్రశ్న దగ్గర చాలా దూరం నడిచాయి. రెండో ప్రశ్న దగ్గరే ఆమె మాత్రలు ఆగిపోయాయి. మూడో ప్రశ్నకు జాతీయ ఆరోగ్య ఖాతాలు జవాబిస్తాయి: దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 రూపాయలు జనం జేబులోంచే వెళ్లేవి, 2021-22కి అది 39కి తగ్గింది. తగ్గుదల గొప్పదే. మిగిలిన ఆ 39లో మందుల షాపు బిల్లులున్నాయి, కన్సల్టేషన్ ఫీజులున్నాయి, రక్తపరీక్షలున్నాయి. పోయిన కూలి ఏ ఖాతాలోనూ ఉండదు.

ఈ చిక్కు విప్పిన దేశం ఒకటుంది. 1997 ఆర్థిక సంక్షోభపు దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగానే థాయ్‌లాండ్ 2001లో ఓ పథకం మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా దేశమంతా అమలు చేసింది. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్‌లు కడితే సరిపోయేది. అప్పటి మారకంలో అది మన ముప్పై రూపాయలకు కాస్త అటూఇటూ. జ్వరం మందు దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా అందులోనే. ప్రభుత్వోద్యోగులకూ కంపెనీ కార్మికులకూ వేరే ఏర్పాట్లు అప్పటికే ఉండేవి. ఏ ఆసరా లేని దాదాపు 1.8 కోట్ల మంది దీంతో నీడ కిందికొచ్చారు. దీని వెనక ముఖ్యంగా ఉన్నది పల్లె ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన డాక్టర్ సంగువాన్ నిత్యారుంపోంగ్.

ముప్పై బాత్‌ల సంగతి అందరూ చెప్పుకుంటారు. నన్ను ఆకట్టుకున్నది డబ్బు పంచిన తీరు. 2002లో తలకు 1,202 బాత్‌ల చొప్పున బడ్జెట్ కట్టారు. ఓపీ వైద్యానికి డబ్బు, తమ దగ్గర పేరు నమోదైన జనం లెక్కన జిల్లా స్థాయి ఆసుపత్రులకు వెళ్తుంది. మన పథకంలో ఒక్కో ఆపరేషన్‌కూ ఒక్కో ప్యాకేజీ ధర. రోగి బల్ల మీదికి ఎక్కితేనే ఆసుపత్రికి రాబడి. థాయ్‌లాండ్‌లో మాత్రం తమ దగ్గర పేరు నమోదైన మనిషి బీపీ అదుపులో ఉంటేనే ఆసుపత్రికి మేలు. అందుకే పల్లె కేంద్రంలో మాత్రలు ఉండేలా చూసుకోవలసిన అవసరం ఆసుపత్రికే ఉంది. పైగా వాళ్లు కార్డు ఇవ్వడానికి చాలా ముందే, 1980లలోనే, నగరాల్లో ఆసుపత్రుల కొత్త పెట్టుబడులు ఆపి ఆ డబ్బును పల్లె ప్రాంతాల ఆసుపత్రులకు మళ్లించారు. యువ వైద్యులు పల్లెల్లో పనిచేయడం తప్పనిసరి చేశారు. పథకం ప్రకటించే నాటికి వెళ్లడానికి ఆసుపత్రి, లోపల డాక్టరు ఉన్నారు. ఇప్పుడక్కడ జనం జేబు నుంచి పోతున్నది వందకు పది రూపాయలకు అటూఇటూ.

ఇదేదో మనకు తట్టని ఆలోచన అనుకోనక్కర్లేదు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని మన దేశ వైద్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే రాసింది. మనం మాత్రం పైకప్పు ముందు వేసి, గోడల సంగతి తర్వాత చూద్దామనుకున్నాం.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గిరిజన ప్రాంతంలో 3,000 మందికో సబ్‌సెంటరు, 20,000 మందికో పీహెచ్‌సీ అని నిబంధన. ఆ 20,000 మంది ఎన్ని కొండల మీద, ఎన్ని వాగుల అవతల ఉన్నారో ఆ నిబంధనకు పట్టదు. రోడ్డు లేని ఊళ్లో పాతిక లక్షల పరిమితి వల్ల ఆ గర్భిణికి ఒరిగేదేమీ లేదు. ఆమెకు ఏఎన్ఎం కావాలి, దారి కావాలి, నొప్పులు మొదలవక ముందే చేర్చుకునే చోటు కావాలి.

ఓట్లడగడానికి వచ్చినవాళ్లు పరిమితి ఇంకా పెంచుతామంటారు. పెంచనివ్వండి. మీరు మాత్రం మీ పీహెచ్‌సీకి వెళ్లి బీపీ, షుగరు మాత్రలు ఎన్ని నెలలకు సరిపడా ఉన్నాయో అడగండి. లేవంటే ఆ మాట కాగితం మీద పెట్టి మెడికల్ ఆఫీసరుకూ, జిల్లా వైద్యాధికారికీ ఇవ్వండి. మాత్రలు వచ్చేదాకా ప్రతి నెలా ఇవ్వండి.