వణికే ఇంజను, వణకని చట్రం

రెండు పిస్టన్లూ జంటగా పైకి లేచి జంటగా కిందికి దిగే పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ ఇంజనుకు వణుకు పుట్టుకతో వచ్చిన గుణం. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌తో ఈ అమరికకు ఆదరణ తెచ్చాక బీఎస్‌ఏ, నార్టన్ కూడా అదే బాట పట్టాయి. క్రాంక్‌షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక సిలిండరులో ఇంధనం మండుతుంది కనుక ఇంజను నడక తీరుగా ఉండేది. పిస్టన్ల కదలిక దృష్ట్యా మాత్రం అది ఒంటి సిలిండరు ఇంజనుతో సమానం, ఎందుకంటే ఒకదాని ఊపును అడ్డుకోవడానికి రెండోది ఎదురు దిశలో కదలదు.

నార్టన్ 745 సీసీ ఇంజనులో స్ట్రోకు, అంటే పిస్టను ఒక కొస నుంచి మరో కొసకు సాగే దూరం, 89 మి.మీ. అది నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు కొసల దగ్గర పిస్టను త్వరణం, సరళంగా లెక్కగట్టినా, గురుత్వ త్వరణానికి దాదాపు 1,800 రెట్లు ఉంటుంది. క్రాంక్‌షాఫ్టుకు ప్రతిభారం జోడిస్తే నిలువు వణుకు తగ్గుతుంది గానీ, ఆ బరువు గుండ్రంగా తిరిగేది కావడంతో వణుకు ముందువెనుకలకు మళ్లుతుంది. సమతుల్యం అనే పేరుతో జరిగేది చాలావరకు ఈ దిక్కు మార్పే.

1967లో వచ్చిన నార్టన్ కమాండో కోసం స్టెఫాన్ బాయర్, బెర్నార్డ్ హూపర్, బాబ్ ట్రిగ్ ఎంచుకున్న దారి వేరు: ఇంజనును వణకనిచ్చి, ఆ వణుకు రౌతును చేరకుండా చూడటం. రబ్బరు మీద నిలిపిన ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం, అంటే కదిపి వదిలితే సెకనుకు అది తనంతట ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య, ఉంటుంది. ఇంజను వణుకు దానికి దగ్గరగా ఉన్నంతసేపు ఊపు పెరుగుతుంది, సుమారు 1.4 రెట్లు దాటాక చట్రానికి చేరే భాగం రబ్బరు లేనప్పటికంటే తగ్గిపోతుంది. అందుకే కమాండో నిలిచి ఉన్నప్పుడు ముందు చక్రంతో సహా ఊగిపోయి, వేగం పుంజుకోగానే నెమ్మదిస్తుంది.

అయితే రబ్బరు మీద ఇంజను నిలపడం పెద్ద విద్యేమీ కాదు. ఇంజను అటూ ఇటూ ఒరిగితే వెనుక చక్రానికి వెళ్లే చెయిను వరుస తప్పుతుంది. అందుకే ఇంజను, గేర్‌బాక్సు, వెనుక చక్రాన్ని మోసే స్వింగార్మ్ మూడింటినీ ఒకే ముక్కగా బిగించి, ఆ మొత్తాన్నీ రబ్బరు బుష్‌ల మీద నిలిపారు. నిలువుగానూ ముందువెనుకలకూ మెత్తగా కదిలే ఈ ముక్క పక్కలకు జరగకుండా బుష్‌ల చివర్లలో జారుడు ప్లాస్టిక్ వాషర్లు అమర్చి, సుమారు 0.25 మి.మీ. సందు మాత్రమే వదిలారు. అసలు ప్రతిభ ఆ సందులో ఉంది: అది బిగిస్తే వణుకు చట్రానికి ఎక్కుతుంది, వదులైతే మలుపులో బండి తోక ఊపుతుంది. పాత కమాండోను పునరుద్ధరించేటప్పుడు గట్టిపడిన రబ్బరును మార్చి, తుప్పు గీరి, పలుచని షిమ్ రేకులతో ఆ సందును తిరిగి సరిచేయాలి; 1975 నాటి మార్క్ 3లో మరతోనే సర్దుకోవచ్చు, ఇది ముందే రావలసిన సౌకర్యం. ఈ ఇంజనునే రబ్బరు లేని చట్రంలో బిగించదలిస్తే క్రాంక్‌షాఫ్టు ప్రతిభారాన్ని మళ్లీ లెక్కగట్టుకోక తప్పదు.

ప్రత్యర్థులైన ట్రయంఫ్, బీఎస్‌ఏలు 1968లో మూడు సిలిండర్లతో బదులిచ్చాయి. కమాండో 1977తో ఆగిపోయింది. నాలుగు దశాబ్దాల తర్వాత చెన్నైకి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ తన ఇంటర్‌సెప్టర్ 650లో ఒక పిస్టను కొసన ఉండగా రెండోది నడిమి దారిలో ఉండేలా క్రాంక్‌షాఫ్టును మలచి, మిగిలిన వణుకును అణచడానికి విడిగా ఒక బాలెన్సర్ షాఫ్టును అమర్చింది.