జవాను జీతములో బిడ్డపాలు

మహాభారతము ఆదిపర్వములోని శకుంతలోపాఖ్యానమును మనము ఏటేట విద్యార్థులకు బోధించుచున్నాము. శకుంతల నిండుసభలో తన కుమారుని తండ్రియెదుట నిలిపెను. రాజు తానెరుగననెను. అప్పుడు ఆ బిడ్డను భరింపుమని ఆకాశవాణి రాజును ఆదేశించెను. అందువలననే బాలునికి భరతుడను పేరు కలిగినదని కథ. భరణమనగా పోషణము. ఈ దేశమునకు పేరిచ్చిన బాలుని పేరులోనే తండ్రి తీర్పవలసిన ఋణమొకటి దాగియున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఈ పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని నా బల్లయొద్దకు వచ్చెను. ఆమె తండ్రి సైన్యములో జవాను. ఇంటికి రాక మూడేండ్లయ్యెను. డబ్బు పంపుట అంతకు ముందే మానెను. "మాస్టారూ, మిలటరీవాళ్ల జీతాన్ని కోర్టు కూడా ముట్టుకోలేదంటున్నారు. నిజమేనాండీ?" అని ఆమె అడిగెను. నాకు సమాధానము తెలియదు. పిదప చట్టము తెప్పించి చదివితిని. ఆమె విన్నది సగము నిజము.

1950 నాటి సైనిక చట్టము 28వ సెక్షను ప్రకారము జవాను జీతభత్యములను సివిలు కోర్టు గాని, రెవిన్యూ కోర్టు గాని జప్తు చేయరాదు. సరిహద్దున నిలిచిన వానికి అప్పులవాండ్ర బెదురు ఉండరాదని దీని భావము. సెలవు దొరకని జవానుపై అతడు లేని సమయమున తీర్పు పడకుండ 1925 నాటి సైనికుల వ్యాజ్యముల చట్టము కూడ అండగా నున్నది. ఈ రక్షణలు న్యాయమైనవే. అయితే బిడ్డ అప్పులవాడు కాడు గదా!

తక్కిన సగము నిజము అదే చట్టములో మరికొన్ని పుటల తరువాత కలదు. భార్యాబిడ్డల పోషణ నిమిత్తము ఆఫీసర్ల జీతమునుండి 90వ సెక్షను క్రింద, జవానుల జీతమునుండి 91వ సెక్షను క్రింద సైన్యమే సొమ్ము మినహాయింపవచ్చును. వివాహబంధములో పుట్టిన బిడ్డకును, వెలుపల పుట్టిన బిడ్డకును అచట భేదము లేదు. ఈ మినహాయింపునకు సైనికోత్తర్వులు జీతభత్యములలో 33 శాతమును హద్దుగా పెట్టినవి. వాయుసేన చట్టములోను ఇట్టి యేర్పాటే యున్నది.

దీనికి వకీలు అక్కరలేదు. తల్లి తన భర్త పనిచేయు దళపు కమాండింగు ఆఫీసరుకు అర్జీ వ్రాసుకొనవలెను. భర్త సైనిక సంఖ్య, హోదా, దళము పేరు వ్రాసి, వివాహమునకు, బిడ్డల పుట్టుకకు సంబంధించిన పత్రముల నకళ్లు జతపరుపవలెను. సైన్యము ముందుగా జవాను సంజాయిషీని కోరును. అతని మాట విన్న పిదపనే అధికారి ఉత్తర్వు చేయును. అర్జీ వ్రాయుట తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును ఆశ్రయింపవచ్చును.

మేజిస్ట్రేటు కోర్టు తలుపు కూడ తెరచియే యున్నది. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా అమలగుచున్నది. మనోవర్తిని అర్జీ పెట్టిన నాటినుండియే లెక్కింపవలెనని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించెను. కావున ఆలసింపక అర్జీ పెట్టుట మేలు.

ఆ బాలిక తల్లి అర్జీ పంపెను. చాల నెలలు గడచిన పిదప ఆమె పేర సొమ్ము రాసాగెను. పెద్ద మొత్తము కాదు. అయినను ఆ యేడు పరీక్ష ఫీజు కట్టి, రశీదు తెచ్చి నాకు చూపినప్పుడు ఆ బాలిక, "ఇది మా నాన్న డబ్బేనండీ" అనెను. ఆ మాటలో కోపము లేదు. తండ్రి యింకను తనకు తండ్రియే యను ఊరట మాత్రము వినబడెను.

ఉపాధ్యాయ మిత్రులారా! హాజరుపట్టీలో తండ్రి వృత్తి "మిలటరీ" అని వ్రాయుచున్నప్పుడు, ఇంటికి డబ్బు అందుచున్నదా అని ఆ బిడ్డను చాటుగా ఒకమాట అడుగుడు. అందనిచో ఎక్కడికి వ్రాయవలెనో తల్లికి చెప్పుడు. ఈనాడు ఆకాశవాణి పలుకదు. ఆ పలుకు మనమే పలుకవలెను.