పులివెందుల మంచు సముద్రంలో పడితే

అందరికన్నా దూరం పోయే ఊరు

పులివెందుల 14.42 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.23 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండు అంకెలనూ తారుమారు చేసి మ్యాపులో వేయండి. ఊరు సుమారు 7,800 కిలోమీటర్లు ఎగిరిపోయి, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఇస్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయలో పడుతుంది. చుట్టుపక్కల ఊళ్లనూ అలాగే తిరగేస్తే జమ్మలమడుగు ఆ పాయ ఉత్తరపు ఒడ్డు దగ్గర, ప్రొద్దుటూరు ఇంకాస్త పైన తేలతాయి. మే నెల కడప ఎండలు ఎరిగినవాళ్లకు ఇది శిక్షో వరమో!

ఇది ఊరికే ఊహించిన ముచ్చట కాదు. గూగుల్ మ్యాప్స్‌లో వెతికేటప్పుడు అక్షాంశం ముందు కొట్టాలి. కేఎంఎల్, జియోజేసన్ అనే మ్యాపు ఫైళ్లలో రేఖాంశం ముందు రాయాలి. జియోజేసన్‌కు 2016 నాటి ప్రమాణపత్రం ఈ వరసనే ఖాయం చేసింది. ఒకరు ఒక వరసలో పంపింది ఇంకొకరు మరో వరసలో తెరిస్తే ఊళ్లు లేచిపోతాయి. అక్షాంశం 90 దాటదు గనుక, రేఖాంశం 91 డిగ్రీలు దాటిన గువాహటిని తిరగేస్తే సాఫ్ట్‌వేర్ తప్పు పట్టుకుంటుంది. ఇచ్ఛాపురం దాకా తెలుగు నేలంతా 90కి లోపలే. అందుకే మనవాళ్లను కిక్కురుమనకుండా మంచులో దింపేస్తుంది.

తిరగబడిన పులివెందులకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన వేరుశనగ, జొన్న విత్తనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. శనక్కాయల సీమ నుంచి మనం పొరపాటున పోయేచోటికి శనక్కాయలు దర్జాగా ముందే చేరాయి.

ఒక చిన్న ఫైలు

షేప్‌ఫైల్ అనే మరో రకం మ్యాపు ఫైలు పేరుకు ఒకటే గానీ ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ మూడూ లేనిదే అది పూర్తి కాదు. వాట్సాప్‌లో మొదటిదొక్కటే పంపి ‘తెరుచుకోలేదా?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వీటి వెంట రావలసిన పీఆర్‌జే ఫైలులో నాలుగైదు వరసలకు మించి ఉండదు. కొలతలు ఏ పద్ధతివో అదే చెబుతుంది. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల గీత తాడిపత్రి పక్కనుంచే పోతుంది. అనంతపురం 43లో, మన మూడు ఊళ్లు 44లో. పీఆర్‌జే లేక 44ను 43 అనుకుంటే పులివెందుల దాదాపు 650 కిలోమీటర్లు పడమటికి జరిగి, గోవాకు నైరుతిగా అరేబియా సముద్రంలో మునుగుతుంది.

పట్టే పేరు, పట్టని పేరు

షేప్‌ఫైల్ పట్టికలో గడి శీర్షికకు పది బైట్లే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగుకు అక్షరం, గుణింతం, సున్న దేనికది మూడేసి, వత్తుకు ఆరు కావాలి. అలా ‘గ్రామం’ 18 బైట్లు, పట్టదు. ‘మండలం’, ‘జిల్లా’, చివరికి ‘పేరు’ కూడా పట్టవు. ‘ఊరు’, ‘ఏరు’, ‘వంక’, ‘నది’ తొమ్మిదేసి బైట్లతో దర్జాగా కూర్చుంటాయి. ఈ నియమం పెట్టినవాళ్లకు తెలుగు సంగతి తెలియదు గానీ, పల్లె మాటల పక్షమే వహించారు.

ఒకే గడిలో ముగ్గురు

సర్వే ఆఫ్ ఇండియా పాత వరసలో మూడు పట్టణాలూ 57 జె అనే డిగ్రీ పటంలోనే వస్తాయి. అందులోని చిన్న పటాలకు హద్దయిన 14 డిగ్రీల 45 నిమిషాల గీత ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. అంటే ఆ ఊరిని చూడాలంటే రెండు పటాలు అతికించాలి. 2017 నుంచి టోపో పటాలను పీడీఎఫ్‌గా ఉచితంగా దించుకునే వీలుంది. అతుకు పని మాత్రం మనదే.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌ను ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి రూపొందించారు. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా కోసి, గడికో పది అక్షరాల గుర్తు ఇస్తుంది. ఆ లెక్కన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటికీ మొదటి అంకెలు 455. కడప పట్టణానికి 456.