యానాం అబద్ధమాడకుండా పాడగల పాట

1967 జూన్ 25న బీటిల్స్ బృందం ఉపగ్రహం సాయంతో పలు దేశాల టీవీలకు ఒకేసారి వినిపించిన ‘ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్’ బాకాలతో మొదలవుతుంది. ఆ బాకాల వరస జాన్ లెనన్ కట్టింది కాదు, ఫ్రాన్స్ జాతీయగీతం ‘మార్సెయేజ్’ది. 1954 దాకా యానాంలో సర్కారు గీతమూ అదే. జగమెరిగిన రాక్ పాటకీ గోదావరి డెల్టాకీ చుట్టరికం ఏమన్నా ఉందా అని ఈ సంచిక కోసం వెతికితే దొరికిన పోగు ఇదొక్కటే. ఆ పోగు పట్టుకుని లాగితే ఇంకో పాట బయటికొచ్చింది. బీటిల్స్‌ని అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఏ జెండా కిందా పుట్టకపోయినా రాష్ట్ర గీతమైన పాట అది: శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’. ఎనభై ఏళ్ళు దాటినా అది నిలబడింది ప్రభుత్వం ముద్ర వేసినందుకు కాదు. పాటలో హద్దురాళ్ళు లేనందుకు. దీనికి సాక్ష్యం అడగాలంటే విజయవాడకన్నా యానామే నయం.

ముందు యానాం చరిత్ర, గబగబా. ఫ్రెంచివాళ్ళు 1723లో వర్తకానికి దిగారు. యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్ళు లాక్కోవడం, సంధిలో తిరిగివ్వడం చాలాసార్లు జరిగింది. 1954 జూన్ 13న విమోచన, నవంబరు 1న పాలన చేతులు మారడం, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం విలీనం. అయితే కలిసింది పక్కనున్న ఆంధ్రలో కాదు, ఎక్కడో ఉన్న పుదుచ్చేరితో. 30 చదరపు కిలోమీటర్ల నేల, 2011 లెక్కల్లో 55,626 మంది జనం. గౌతమికి ఈ ఒడ్డున యానాం, ఆ ఒడ్డున ఎదుర్లంక. మధ్యలో పారే నీరు ఒకటే, ప్రభుత్వాలు రెండు. పుదుచ్చేరి పాడుకునే తల్లి గీతం భారతిదాసన్ తమిళంలో రాసింది. అంటే యానాం తలరాతలో పడ్డ సర్కారు పాటల్లో మొదటిది ఫ్రెంచి, రెండోది తమిళం.

ఇక పాట దగ్గరికి. 1942లో ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. సినిమా జనానికి గుర్తులేదు, పాటను గుర్తుంచింది టంగుటూరి సూర్యకుమారి గొంతుతో వచ్చిన గ్రామఫోన్ రికార్డు. ఈ కథంతటికీ అసలు దస్తావేజు నా దృష్టిలో ఆ నల్లటి పలకే. ఆ కాలపు పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. అందులో ఒక జాతి చరిత్ర చెప్పాలంటే కథ కుదరదు, పేర్లే చెప్పాలి. సుందరాచారి చేసింది అదే. గోదావరి, కృష్ణ, అమరావతి, త్యాగయ్య, తిక్కన, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు: ఒక్కో పేరు పక్కన ఒక్కో గుణం పెట్టి వదిలేశారు. వివరణ లేదు, విశేషణాల పోగు లేదు. బడిపిల్లలకు ఒకటి రెండుసార్లు వింటే నోటికొచ్చేది అందుకే. పెద్దయ్యాక ఒక్కో పేరు వెనక ఎవరున్నారో తెలుస్తుంది.

ఆ పేర్లను పటం మీద పెట్టి చూడండి. త్యాగయ్య పాడింది తిరువయ్యారులో, ఇవాళ తమిళనాడు. కృష్ణరాయలు ఏలింది హంపీ నుంచి, అది కర్ణాటక. రుద్రమది ఓరుగల్లు, తెలంగాణ. తిక్కనది నెల్లూరు. ఒకే పాటలో ఇప్పటి నాలుగు రాష్ట్రాలు ఇమిడిపోయాయి. ఇంతకన్నా ముఖ్యం, లేని మాట ఒకటుంది. పాట మొత్తంలో ‘ఆంధ్ర’ అన్న పదం లేదు. ఆంధ్ర మహాసభ, ఆంధ్రోద్యమం, ఆంధ్రపత్రిక అంటూ లోకమంతా ఆ మాటతోనే నడుస్తున్న రోజులవి. రాసినాయన స్వయంగా ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. పాడినామె ఆంధ్రకేసరి తమ్ముడి కూతురు. అయినా పాటలో ఉన్నది తెలుగు ఒక్కటే. పుట్టింది తిరుచానూరులో అయినా సొంత ఊరి ఏడుకొండలకు గానీ స్వర్ణముఖికి గానీ ఆయన చోటివ్వలేదు. సొంతూరి అభిమానం పాటలోకి రాకుండా ఆపుకోగలగడం కవికి చిన్న నిగ్రహం కాదు. ఇప్పుడు యానాం మనిషి నోట ఈ పాట పెట్టి చూడండి, ఒక్క మాటా అబద్ధం కాదు. గోదారి అతని గుమ్మం ముందే పారుతోంది. ఏ రాష్ట్రానికీ జై కొట్టనక్కర్లేదు. పాట పుట్టేనాటికి రాజమండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఓరుగల్లు నిజాం కింద, యానాం డిగాల్ వైపు నిలిచిన ఫ్రెంచి ఇండియాలో ఉన్నాయి. తెలుగువాళ్ళకంటూ రాష్ట్రమే లేదు కాబట్టి పాట భాషనే ఇల్లుగా చేసుకుంది.

బడుల్లో బలవంతాన పాడించబట్టే బతికిందనేవాళ్ళున్నారు. లెక్క చూస్తే నిలవదు. రాష్ట్ర గీతం హోదా దక్కింది 1975 ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంలో. అంతకుముందు ముప్పై మూడేళ్ళు ఏ ఉత్తర్వూ దానికి కాపలా కాయలేదు. అప్పటికే జనం నోట ఉన్న పాట కాబట్టే ప్రభుత్వం తెచ్చుకుంది. రెండో అభ్యంతరం బరువైంది. తెలంగాణ ఉద్యమం ఈ తల్లిని కోస్తా తల్లి అంది. 2014 తర్వాత తెలంగాణ రాష్ట్రం పాటను పక్కన పెట్టింది, 2024లో అందెశ్రీ గీతాన్ని అధికారికం చేసుకుంది. రుద్రమ్మ పేరుంది కదా అని సర్దిచెప్పడం తేలికే గానీ, నిజాయితీ కాదు. పాటలోని గోదావరి, కృష్ణ రెండూ తెలంగాణ మీదుగానే వస్తాయి. అయినా ఆ నదుల చరణం వినగానే చాలామంది కళ్ళముందు మెదిలేది ధవళేశ్వరం దిగువన కాలువల కింద పండే వరి. బావి మీద, చెరువు మీద ఆధారపడిన రైతు తన చేను అందులో కనపడలేదంటే తప్పు పట్టలేం. ఆ మాటకొస్తే కవి పుట్టిన చిత్తూరు మెట్టపొలాలు కూడా అందులో లేవు. కానీ కోపం రగిలింది పాట రాష్ట్ర ముద్రతో వచ్చిన రోజుల్లో. హద్దుల్లేని పాటకు సరిహద్దు గీసింది కవి కాదు, సచివాలయం. మల్లమ్మకు పతిభక్తి ఒక్కటే ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అక్కడ పాటకు వయసు మీదపడింది, దాచనక్కర్లేదు. ఆ మల్లమ్మ బొబ్బిలి రాణి అని అర్థం చెప్పేవాళ్ళ మాటే తీసుకుంటే యానాంకి ఇంకో ముడి పడుతుంది: 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తోలిన బుస్సీ, యానాంలో కొట్టు పెట్టిన ఫ్రెంచి కంపెనీ తరఫువాడే.

గొంతు ఇచ్చినామె

టంగుటూరి సూర్యకుమారి 1925లో రాజమండ్రిలో పుట్టారు. సినిమా నటి, 1952లో మిస్ మద్రాస్. 1961లో న్యూయార్క్ రంగస్థలం మీద టాగూర్ నాటకంలో రాణి సుదర్శనగా వేసి మెప్పించారు. తర్వాత లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు. యానాంకి ఎగువన, అదే గోదావరి ఒడ్డున పుట్టిన గొంతు ఇది. పాట చిత్తూరు సీమది, పలుకు గోదావరిది.

ఇద్దరు కవులు, ఒకే గతి

‘మార్సెయేజ్’ రాసిన రూజే ద లీల్ సైన్యంలో ఇంజినీరు. 1792 ఏప్రిల్ 25 రాత్రి స్ట్రాస్‌బర్గ్‌లో రాశాడు. 1795లో పాట జాతీయగీతమైంది. రాసినవాడు మాత్రం అప్పటికే రాజు పక్షం వాడన్న అనుమానంతో జైలు చూసొచ్చాడు. 1836లో పేదరికంలో పోయాడు. 1915లో అస్థికలను ఊరేగింపుగా పారిస్ తెచ్చుకున్నారు.

సుందరాచారి 1914లో పుట్టారు. జంధ్యం తెంచి ఇల్లు వదిలారు. హోటల్లో సర్వరు, పత్రికలో ప్రూఫ్ రీడరు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. టాగూర్ గీతాంజలిని తెనిగించారు, ‘సుందర రామాయణం’ రాశారు. పాట రాష్ట్ర గీతమైన రెండేళ్ళకే, 1977 ఏప్రిల్ 8న, లేమిలోనే వెళ్ళిపోయారు. విగ్రహం తిరుపతి నుంచి తిరుచానూరు వెళ్ళే దారిలో ఉంది.