గొఱ్ఱెపిల్లలను మేపేదెవరు?

వేసవిలో వి.బి.ఎస్. వచ్చిందంటే మన సంఘాలకు పండుగే. రంగు కాగితాలు, టోపీలు, యాక్షన్ సాంగ్స్, చివరి రోజు బహుమతులు. టీచర్లుగా పేరిచ్చే యవనస్థులకు ఆ పది రోజులు కొదువుండదు. జూన్‌లో బడులు తెరుస్తారు. జూలై నాటికి ఆదివారం ఉదయం చాప పరిచి, హాజరు పట్టీ పట్టుకుని ఒకే ఒక అక్కయ్య మిగులుతుంది. ఆమె కూడా పెళ్లి కుదిరేంత వరకే, లేదా ఉద్యోగం వచ్చేంత వరకే.

ఆ అక్కయ్యను ఆ పనిలో పెట్టింది ఎవరు? చాలా చోట్ల జవాబు ఒక్కటే: "ఎవరూ లేరమ్మా, ప్రస్తుతానికి నీవు చూసుకో" అన్న మాట. గాయక బృందంలో చేరాలంటే స్వరం పరీక్షిస్తాము. ప్రసంగానికి నిలబడాలంటే అతని సాక్ష్యం ఎలాంటిదో విచారిస్తాము. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఖాళీగా ఉన్నవారెవరైనా చాలు అనుకుంటాము. ఈ తప్పులో మేమూ పాలివారమే. అందుకే బాలల పరిచర్యకు వ్యక్తిగతమైన పిలుపు అంటూ ఉందా, ఉంటే దాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నది ఈ వారం ఆలోచించదలిచాము.

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా వంటి ప్రాంతాన్ని తీసుకుందాం. ఫలక్‌నుమాకు ఆనుకుని ఉన్న ఆ పేటకు లోకాన్ని చూపించేది అని అర్థం. చుట్టూ ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు, వారి మధ్య హిందూ కుటుంబాలు, అక్కడక్కడా మన తెలుగు విశ్వాసులు. అలాంటి చోట పెరిగే మన బిడ్డ ఇంట్లో తెలుగు, సందులో దక్కనీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడతాడు. కంఠత వాక్యం తెలుగులో అప్పజెప్పమంటే తడబడతాడు. కొందరికి తెలుగు చదవడమే రాదు. వాడి స్నేహితులు పండుగలకు సేమ్యా తెచ్చిపెడతారు, "మీ పండుగ ఎప్పుడు? మీరెందుకు ఇలా ప్రార్థిస్తారు?" అని అడుగుతారు. వాటికి జవాబు పది రోజుల వి.బి.ఎస్. పుస్తకంలో దొరకదు. ఏడాది పొడుగునా పక్కన కూర్చునే మనిషి కావాలి.

పాతబస్తీ పిల్లల సంగతి ఎత్తినప్పుడు ఇంకొకటి మరువరాదు. 2015 జనవరిలో అక్కడి గాజుల కార్ఖానాల నుండి వందలాది మంది పిల్లలను పోలీసులు విడిపించారు. ఎక్కువమంది బీహారు నుండి తెచ్చినవారు. సండే స్కూల్ పుట్టుక కూడా ఇటువంటి పిల్లల మధ్యనే జరిగింది. 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారమంతా పనికి పోయి ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లల కోసం బడి పెట్టించాడు. అక్కడ మొదట నేర్పినది చదవడం. ఇప్పుడు మనం సండే స్కూల్ అంటే ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చే విశ్వాసుల బిడ్డలే అనుకుంటున్నాము.

ఇక పిలుపు సంగతి. యోహాను 21వ అధ్యాయంలో ప్రభువు పేతురుకు పని అప్పగించినప్పుడు గొఱ్ఱెల కంటే ముందు గొఱ్ఱెపిల్లలను ప్రస్తావించాడు. ఇది చాలామంది బోధకులు చెప్పేదే. మేము గమనించమనేది ఆయన అడిగిన ప్రశ్నను. గొఱ్ఱెపిల్లలంటే నీకు ఇష్టమా అని ఆయన అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. "నాకు పిల్లలంటే చాలా ఇష్టమండీ, అందుకే ఈ పరిచర్య" అనేవారిని మేము తక్కువ చేయడం లేదు. కానీ పిల్లలు ఎప్పుడూ ఇష్టంగా ఉండరు. అల్లరి చేస్తారు, వెనక బెంచీలో తన్నుకుంటారు, పదమూడేళ్లు వచ్చాక ముఖం తిప్పుకుని పోతారు. పిల్లల మీద ఇష్టం అక్కడ అయిపోతుంది. ప్రభువు మీద ప్రేమతో వచ్చినవాడు మరుసటి ఆదివారం కూడా చాప పరుస్తాడు.

మొదటి సమూయేలు 3వ అధ్యాయం మరో సంగతి నేర్పుతుంది. దేవుడు పిలిచింది బాలుణ్ణి. ఏలీ చేసిన పని చిన్నది: మూడోసారి వాడు పరుగెత్తుకొచ్చినప్పుడు, పిలిచింది నేను కాదు, యెహోవా అని గ్రహించి, వెనక్కి వెళ్లి ఎలా జవాబివ్వాలో నేర్పాడు. చూపు మందగించిన ముసలివాడు, సొంత కొడుకులను దిద్దుకోలేకపోయినవాడు. అయినా బాలుణ్ణి తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా దేవుని వైపు పంపించాడు. ఆ బాలుడు విన్న వర్తమానం ఏలీ ఇంటికే తీర్పు. దాచకుండా చెప్పమని ఏలీయే అడిగి విన్నాడు. పిల్లవాడి నోటి నుండి తన తప్పు వినగలిగే టీచర్లు మనలో ఎంతమంది?

కొందరికి పిలుపు ఒక బిడ్డ రూపంలో గుమ్మంలోకి వస్తుంది. 1895లో భారతదేశానికి వచ్చిన ఎమీ కార్మైకేల్ తిరునెల్వేలి ప్రాంతంలో ఊరూరా తిరిగి సువార్త చెప్పే పరిచారకురాలు. 1901లో దేవాలయానికి అప్పగించబడిన ప్రీనా అనే చిన్న పాప తప్పించుకుని ఆమె దగ్గరికి చేరింది. ఆ తర్వాత ఇంకా పిల్లలు వచ్చారు. ఊళ్లు తిరగడం తగ్గి, ఊయలలూ పాలగిన్నెలూ ఆమె పని అయ్యాయి. 1951లో చనిపోయేవరకు స్వదేశానికి తిరిగి వెళ్లకుండా దోనావూరులోనే ఉండిపోయారు.

మన తెలుగు నేలకు వస్తే, 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ అప్పటికి 49 ఏళ్లవారు. గుంటూరులో ఆయన తొలి పనుల్లో పాఠశాలలు నడపడం ఒకటి. 1869లో, 76 ఏళ్ల వయసులో, రాజమండ్రి మిషను చేజారిపోకుండా మళ్లీ ఓడెక్కి వచ్చారు. పిల్లల పని కుర్రకారుకే అనుకునే మన పెద్దలకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

పిలుపు ఉందని చెప్పుకున్నంత మాత్రాన పిల్లలను అప్పగించకూడదు. ఇక్కడ సంఘం గట్టిగా ఉండాలి. ఒక పెద్దమనిషి ఒక బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ బాలలే. వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి, చెప్పకపోవడం శిక్షార్హం. సంఘం పరువు అంటూ కప్పిపుచ్చితే మత్తయి 18:6లో ప్రభువు చెప్పిన తిరుగటిరాయి మన మెడకే. పిల్లల సహాయానికి 1098 నంబరు తరగతి గోడ మీద రాసి పెట్టండి.

జహనుమా వంటి చోట ఇంకో జాగ్రత్త. పాట విని పొరుగు పిల్లలు గుమ్మం దగ్గర చేరతారు. చాక్లెట్ ఇచ్చి, వాళ్ల అమ్మానాన్నలకు తెలియకుండా లోపల కూర్చోబెట్టడం సువార్త కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో సంరక్షకుల సమ్మతి లేకుండా మైనరుకు మతబోధ చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. సంఘపు చాపకు అది నేరుగా వర్తించకపోయినా, ఆ మర్యాద మనకూ ఉండాలి. ముందు ఆ తల్లిని కలిసి, మేమెవరమో, ఏమి నేర్పుతామో దాపరికం లేకుండా చెప్పాలి. ఆమె వద్దంటే నమస్కారం పెట్టి రావాలి, ఆ బిడ్డతో రోజూ నవ్వుతూ మాట్లాడుతూనే ఉండాలి.

కాపరులకు ఒక మనవి. ఈ సంవత్సరం సండే స్కూల్ టీచర్లను ప్రకటించేముందు వారితో ఒక్కొక్కరుగా కూర్చోండి. ఎందుకు వస్తున్నావని అడగండి. భారం లేనివారిని సిగ్గుపరచకుండా విడిచిపెట్టండి. ఉన్నవారిని, ఒక్కరే మిగిలినా, సంఘం ముందుకు పిలిచి, పెద్దలకు చేసినట్టే వారి కోసం ప్రార్థించండి. పాఠ్యపుస్తకాలకు, బస్సు చార్జీలకు కానుకల పెట్టె నుండి డబ్బివ్వండి. ఆరాధన సమయంలో వారు బయట పిల్లలతో ఉండి వాక్యం వినలేకపోతున్నారు; వారంలో ఒక సాయంత్రం వారికి వాక్యం చెప్పండి.

ఇక ఆ అక్కయ్య పెళ్లై వేరే ఊరు వెళ్లిపోతే, అక్కడి సంఘ కాపరికి ఒక ఉత్తరం రాసి పంపండి. ఈమె మా పిల్లలను మేపినది, మీ దగ్గర కూడా చాప ఒకటి ఇవ్వండి అని.