బోర్డు మీద రాయవలసింది

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే కింద చిరునామాలు పిల్లర్ నంబర్లతో నడుస్తాయి. రాజేంద్రనగర్ వైపు ఏ స్కిన్ క్లినిక్‌కు దారి చెప్పాలన్నా ఆ నంబరు చాలు. రోగి అడగవలసిన నంబరు మాత్రం వేరే ఉంది: డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. మొదటిది క్లినిక్ ఎక్కడుందో చెబుతుంది. రెండోది అందులో కూర్చున్నది డాక్టరో కాదో చెబుతుంది.

సౌందర్య చికిత్సకు మిగతా వైద్యానికి లేని ఇబ్బంది ఒకటుంది. జ్వరం వచ్చినవాడు తనంతట తానే వస్తాడు. నుదుటి మీద గీతలున్నవాడికి అది లోపమని ముందుగా ఎవరో ఒకరు చెప్పాలి. పైగా ఒకసారి వచ్చినవాడు మళ్లీ మళ్లీ రావాలి. ముడతలు కనబడకుండా కండరాన్ని సడలించే ఇంజెక్షన్, అంటే బొటాక్స్, పనిచేసేది మూడు నాలుగు నెలలే. అందువల్ల ఇక్కడ ప్రచారం చికిత్స కన్నా ముందే మొదలవుతుంది.

నియమాలు దీనికి ఎదురుగా నిలుస్తాయి. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన నియమావళి ప్రకారం, ప్రకటనలతో రోగులను రప్పించుకోవడం అనైతికం. ప్రాక్టీసు పెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు పత్రికలో తెలియజేయవచ్చు. బోర్డు అసాధారణంగా పెద్దదిగా ఉండకూడదు. ఎన్ని అడుగులు దాటితే అసాధారణమో చెప్పలేదు కాబట్టి, ఆ లెక్క బోర్డులు రాసేవారికే మిగిలింది.

2023 ఆగస్టు 2న దీని స్థానంలో కొత్త నియమావళి వచ్చింది. అదే నెల 23న దాన్ని పక్కన పెట్టారు. బొటాక్స్ అంతకన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ఇక అర్హతలు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆపైన చర్మవైద్యంలో ఎండీకి మూడేళ్లు. ఆ ఎండీ పూర్తి పేరులో సుఖవ్యాధులు, కుష్ఠు కూడా ఉంటాయి. పెళ్లికళ కోసం వచ్చేవారికి చూపించదగ్గ పేరు కాదు. అందుకే బోర్డుల మీద 'కాస్మెటాలజిస్ట్' వెలిశాడు. కాస్మెటాలజీలో ఎండీ అన్నది జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన డిగ్రీల్లో లేదు.

జుట్టు మార్పిడి, సౌందర్య చికిత్సలపై ఆ కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన ఇవి చేయడానికి శిక్షణ పొందినట్టు కాదని అందులో స్పష్టం చేసింది. దేశపు అత్యున్నత వైద్య సంస్థ ఈ మాటను కాగితం మీద పెట్టవలసి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరుగుతుండేదో పాఠకులు ఊహించగలరు.

కాబట్టి నిజంగా చదువుకున్న డాక్టరుకు చవకైన ప్రచారం ఇప్పటికీ అమల్లో ఉన్న ఆ 2002 నాటి నియమావళిలోనే ఉంది: పేరు, డిగ్రీ, స్పెషాలిటీ, రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద రాసుకోవడం. ఆ నంబరు క్లినిక్‌లోనూ మందుల చీటీ మీదా రసీదు మీదా ఉండాలని కూడా నియమం. రోగి చేయవలసిందల్లా దాన్ని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో సరిచూసుకోవడం. ప్రారంభోత్సవానికి వచ్చి రిబ్బన్ కత్తిరించిన నటి పేరు అందులో ఉండదు.